డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మనము భుజించిన యన్నము రక్తమును చేరుటకు ముందు చిన్నప్రేగు లోపలి పలుచని పొరను దాటవలసియున్నది. ఆ పొర మిక్కిలి సున్నితమైనది. అది చెడినయెడల మనుజుడు కడుపునిండ భుజించుచునే తిండిలేనివానివలె కృశించును. ఈ సంగతిని గ్రంథములవలననే గాక తన యింటి దుఃఖమువలన గూడ నెఱిగిన యాంధ్రు డొకడుండెను. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన చరిత్రమును, దానితో ముడివడియున్న యా ప్రేగుపొర వింతను, విద్యార్థులకు తెలియునట్లు ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

బాల్యము

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమునందు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వేంకమ్మగారు. ఆ దంపతుల యేడుగురు సంతానములో నీయన నాలుగవవారు. తండ్రి రెవిన్యూశాఖలో స్వల్పోద్యోగి. ఆరోగ్యము చెడుటచే నాయన ముందుగనే యుద్యోగమును విడువవలసి వచ్చెను. కావున సంసారభారము చాలవరకు తల్లిపై బడెను.

బాల్యమున సుబ్బారావుగారికి చదువునందు శ్రద్ధ తక్కువ. ఒకమారు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి బయలుదేరిరి. పెద్దలు వెంటబడి పట్టుకొని వెనుకకు దెచ్చిరి. తల్లి మాత్రము పట్టు విడువలేదు. ఇంట కలిమి లేకున్నను తన నగలనమ్మి యైనను కుమారునికి చదువు చెప్పింపవలెనని యామె నిశ్చయించుకొనెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులోని హిందూ హైస్కూలునుండి ఆయన కృతార్థులైరి. పరీక్షలో నొకసారి తప్పినంతనే తమ బ్రతుకు ముగిసినదని తలంచు విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురుగాక.

వైద్యవిద్య

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయన మనస్సు వైరాగ్యమువైపు మరలి, రామకృష్ణ మఠమునందు చేరి సన్న్యసింపవలెనని కోరెను. అచటి పెద్దలు వైద్యము నేర్చి రోగులకు సేవచేయుట మేలని హితవు చెప్పిరి. అందుచే నాయన మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919వ సంవత్సరమున శేషగిరియను కన్యను వివాహమాడిరి. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆయన చదువునకు ధనసహాయము చేసిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు వస్త్రములనే ధరించి పోవుచుండిరి. ఇది శస్త్రచికిత్స బోధించు నాచార్యునకు రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నుత్తీర్ణులైనను, వారికి ఎం. బి. బి. ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే లభించెను. అందుచే మంచి యుద్యోగమునకు మార్గము మూసికొనిపోయెను. మద్రాసులోని యాయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు వారు కొంతకాలము గడపిరి.

ఇంటిని చుట్టుకొన్న వ్యాధి

ఈ కాలముననే ఆ కుటుంబమునకు ఘోరమైన యాపద సంభవించెను. పాశ్చాత్యవైద్యులు స్ప్రూ యనియు, మనవారు గ్రహణి యనియు పిలుచు వ్యాధి యా యింట ప్రవేశించెను. ఈ వ్యాధి యుష్ణదేశములయందు ఎక్కువ. నాలుక పుండగును. విరేచనములు పాలిపోయి నురుగుగా నగుచుండును. రక్తము పలుచనై దేహము తెల్లబడును. రోగి ఏమి భుజించినను ఒంటబట్టదు. ఎనిమిది దినముల వ్యవధిలో సుబ్బారావుగారి సోదరులిద్దరు ఈ వ్యాధికి బలియైరి. కొంతకాలమునకు ఆయనకును అదియే సోకెను. ఆయుర్వేద వైద్యులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన మాత్రము బ్రతికి బయటపడిరి.

అన్నలు, తమ్ములు కన్నులయెదుట కృశించిపోవుచుండగా, తాను చదివిన వైద్యము వారికి పనికిరాకపోవుట కంటె వైద్యునకు దుస్సహమైన విషయము వేఱేమి యుండును? ఉష్ణదేశముల వ్యాధులను గూర్చి మఱింత నేర్వవలెనను తలంపు ఆయన మనస్సున గట్టిపడెను.

ప్రేగుపొర చేయు పని

ఆ సోదరులు మరణించిన నాటికి వైద్యులకు తెలియని సంగతులను తరువాతి పండితులు కనుగొనిరి. చరిత్రమును కొంచెము ఆపి, వానిని మనము తెలిసికొందము.

చిన్నప్రేగు పెద్దవారియందు సుమారు 6 మీటర్ల పొడవుండును. దాని లోపలిముఖము నున్నగా నుండక, మఖమలుగుడ్డవలె సన్నని నూగుతో నిండియుండును. ఆ నూగునకు చూషకములని పేరు. ఒక్కొక్కటి మిల్లీమీటరునకు మించని యెత్తుగలది. చూషకమును ఒకే వరుస కణములు కప్పియుండును. ప్రతికణము పైముఖమున మరల వేలకొలది సూక్ష్మచూషకములు కుంచె వెండ్రుకలవలె దట్టముగా నిలిచియుండును. మనము భుజించిన యాహారమునకు తుదికోత జరుగునది ఈ కుంచెయంచునందే.

ఆ కోతకు కావలసిన కత్తెరలు ఎంజైములు. చెఱకు చక్కెరను రెండుగా ఛేదించునది సుక్రేసు. పాలలోని చక్కెరను ఛేదించునది లాక్టేసు. మాంసకృత్తుల తునకలను కొసలనుండి త్రెంచునవి పెప్టిడేసులు. ఎంటెరోకైనేసు అను మఱియొకటి క్లోమమునుండి వచ్చు రసమును మేల్కొలిపి పనికి పురికొల్పును. దీనిని 1899వ సంవత్సరమున రష్యాదేశమందు పావ్లోవ్ పండితుని ప్రయోగశాలలో షెపొవాల్నికోవ్ కనుగొనెను. ఇవియన్నియు కణపు పైపొరయందే నాటుకొనియుండునవి.

వీనిని కణము తయారుచేయు విధము మిక్కిలి వింతైనది. కణమునందలి రైబోసోములు అమినో ఆసిడ్లను పూసలవలె గ్రుచ్చి గొలుసు చేయును. ఆ గొలుసు కణములోపలి పొరల సంచిలోనికి దిగుచుండగనే దానికి చక్కెర అణువుల కొమ్మలు తగిలింపబడును. అచట నది సరియైన రీతిని మడతపడవలెను. మడత సరిపడనిదానిని కణము బయటికి పోనీయక తానే నశింపజేయును. సరిపడినది గోల్జీయను భాగమునకు చేరును. అచట దాని చక్కెర కొమ్మలు కత్తిరింపబడి, క్రొత్తవి చేర్పబడి, తుదిరూపమును పొందును. అటుపిమ్మట బుడగలవంటి చిన్నసంచులు దానిని కుంచెయంచునకు మోసికొనిపోవును. ఒక కొస పొరలో వేరూనియుండ, కోయు భాగము ప్రేగులోనికి చాచుకొని నిలుచును. ప్రోటీనును చక్కెరయు కలసియున్నందున ఇట్టివానిని గ్లైకోప్రోటీనులని పిలుతురు.

ఈ చక్కెర కొమ్మలు అలంకారమునకు గావు. క్లోమరసము మాంసకృత్తులనన్నింటిని ఖండించుచుండును. అట్టి రసము నడుమ నిలిచియు ఈ కత్తెరలు వెంటనే ముక్కలుగాకుండుటకు ఆ చక్కెర తొడుగు సాయపడును. సుక్రేసు ఎంజైము మాత్రము ఆ క్లోమరసమునే తన కుపయోగించుకొనును. అది ఒకే దీర్ఘమైన గొలుసుగా పుట్టి, కుంచెయంచునకు చేరిన పిదప క్లోమరసముచే రెండు భాగములై, ఆ రెండును జంటగా పనిచేయును.

ఇంత శ్రమతో సిద్ధమైన కణము బ్రతుకునది మూడు మొదలు అయిదు దినములు మాత్రమే. చూషకముల మొదళ్లయందలి గుంటలలో క్రొత్త కణములు పుట్టి, మెల్లగా పైకెక్కి, కొసకు చేరి రాలిపోవును. కావున ఆ గుంటలలో కణవిభజన రేయింబవళ్లు జరుగుచునే యుండవలెను. అది మందగించినచో నూగు కుఱుచనగును, కత్తెరలు తగ్గిపోవును, అన్నము కోతపడక వ్యర్థమగును. గ్రహణి రోగియందు జరుగునది ఇదియే.

అమెరికా ప్రయాణము

సుబ్బారావుగారు మామగారి సాయముతోడను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సాయముతోడను 1922వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాలోని బోస్టను నగరమునకు చేరిరి. భార్యను స్వదేశముననే విడిచి వెళ్లిరి. తరువాత వారికొక కుమారుడు కలిగి పసితనముననే మరణించెను. ఆ బిడ్డను తండ్రి కన్నులార చూడలేదు. భార్యాభర్తలు మరల కలిసికొనుటయు సంభవింపలేదు. ఆయన విజయములను పొగడునప్పుడు, వానికి ఇంటివద్ద మూల్యము చెల్లించిన ఆ యిల్లాలిని మఱచుట న్యాయముకాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవైద్యమును చదువుచు, జీవనము గడచుటకై ఆయన రాత్రులయందు ఆసుపత్రిలో నౌకరు పని చేసిరి. పిదప జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అను పండితునితో చేరిరి. రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతినొకదానిని వారిరువురు 1925వ సంవత్సరమున ప్రకటించిరి. వారి పేర్లతో నా పద్ధతి ప్రపంచమందలి ప్రయోగశాలలన్నింటికిని వ్యాపించెను. కండరములలోని ఫాస్ఫోక్రియేటినును 1927లోను, ప్రాణులన్నింటియందు శక్తికి నాణెమువంటిదగు ఏ.టి.పి. యను పదార్థమును 1929లోను వారు వెలువరించిరి. అదే సంవత్సరమున జర్మనీదేశపు లోమన్ పండితుడును ఏ.టి.పి.ని వేఱుగా కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము లభించెను. ఇంత చేసినను హార్వర్డునందు వారికి స్థిరమైన పదవి దొరకలేదు. 1940వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరునందున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొలదికాలములోనే పరిశోధనాధ్యక్షులైరి.

ఫోలిక్ ఆసిడ్

రక్తము పలుచబడు రోగమునకు కాలేయసారము మేలు చేయునని అప్పటికే వైద్యులెఱుగుదురు. లూసీ విల్స్ అను ఆంగ్లేయవైద్యురాలు 1928 మొదలుకొని బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, మడ్డి, అనగా ఈస్టు, సారముతో వారికి గుణమిచ్చునని 1931లో ప్రకటించెను. అందలి పదార్థమేదో ఆమెకు దొరకలేదు. 1941లో టెక్సాసునందలి పండితులు పాలకూర ఆకులనుండి ఒక విటమినును తీసి, లాటిను భాషలో ఆకునకుగల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆసిడ్ అని నామకరణము చేసిరి. కాని టన్నులకొలది ఆకునుండి లభించునది అత్యల్పము. రోగులకు పంచవలెనన్న దానిని రసాయనశాలలో తయారుచేయవలెను.

సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పండితుల బృందము ఈ కార్యమునకు పూనుకొనెను. కాలేయమునుండియు, సూక్ష్మజీవులు పులియబెట్టిన ద్రవమునుండియు ఆ పదార్థమును వేఱుపఱచి, దాని నిర్మాణమును తెలిసికొని, 1945వ సంవత్సరమున దానిని కృత్రిమముగా తయారుచేయుటలో జయము పొందిరి. అది మూడు భాగముల యతుకు. మూడవ భాగము గ్లూటామిక్ ఆసిడ్.

ఇచటనే మన ప్రేగుపొర సంగతి మరల వచ్చుచున్నది. కృత్రిమముగా చేసిన ఫోలిక్ ఆసిడ్‌నకు గ్లూటామిక్ ఆసిడ్ తోక ఒక్కటియే యుండెను. పులిసిన ద్రవమునుండి వచ్చిన దానికి అట్టివి మూడుండెను. ఈస్టులో దొరకినదానికి ఏడుండెను. ఆకుకూరలలోను పప్పులలోను కాలేయములోను ఉండునది హెచ్చుగా ఇట్టి పొడవుతోకలదే. అంత పొడవుతోకతో నది ప్రేగుపొరను దాటలేదు. తోకను ఒక్కొక్క ముక్కగా త్రెంచి ఒక్కటి మాత్రము మిగులునట్లు చేయు కత్తెర చిన్నప్రేగు కుంచెయంచునందే యున్నది. అదియు పైన చెప్పిన రీతిని చక్కెర కొమ్మలతో తయారై, పొరలో నాటుకొనియుండు గ్లైకోప్రోటీనే. త్రెంచబడిన పిదప ఆ విటమినును లోనికి గొనిపోవుటకు వేఱొక ప్రోటీను ద్వారపాలకునివలె నుండును. దానిని 2006వ సంవత్సరమున కనుగొనిరి.

ఈ విటమిను లేనిదే కణము తన వారసత్వపదార్థమగు డి.ఎన్.ఏ.ను క్రొత్తగా తయారు చేసికొనజాలదు. డి.ఎన్.ఏ. రెట్టింపు గానిదే కణము రెండు కాజాలదు. కాబట్టి మన దేహమున వేగముగా పుట్టి గిట్టుచుండు కణములకు, అనగా రక్తకణములకును ప్రేగుపొర కణములకును, ఈ లోటు ముందుగా తగులును.

ఇపుడు గ్రహణి రోగి దురవస్థను ఊహింపుడు. ప్రేగుపొర చెడుటచే విటమిను లోనికి రాదు. విటమిను రానందున క్రొత్త కణములు పుట్టవు. క్రొత్త కణములు పుట్టనందున పొర మఱింత చెడును. రోగము రోగమునే పెంచుచుండును. ఈ చక్రమును ఎచటనో ఒకచోట త్రెంచవలెను. ఒక్క తోకగల కృత్రిమ ఫోలిక్ ఆసిడ్‌నకు కత్తెరతో పనిలేదు. చెడిన ప్రేగు చేయలేని కోతను రసాయనశాల ముందుగనే తప్పించినట్లయ్యెను. సూదిమందుగా నిచ్చిన ప్రేగుతోనే నిమిత్తము లేదు.

1945, 1946 సంవత్సరములలో టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబా, పోర్టోరికో ద్వీపములలోని గ్రహణి రోగులకు ఈ మందునిచ్చి చూచెను. నాలుక పుండ్లు మానెను. ఆకలి పుట్టెను. రక్తము చిక్కబడెను. కృశించిన దేహములు బలిసెను. భీమవరపు సోదరులకు దొరకని మందు పాతికయేండ్లకు లోకమునకు దొరకెను. దానిని తయారు చేసిన బృందమునకు నాయకుడు వారి సోదరుడే.

సత్యమును దాచరాదు. ఫోలిక్ ఆసిడ్ ఒక్కటియే అన్ని గ్రహణి రోగములకు పరిపూర్ణమైన మందు కాదు. బి12 విటమిను లోపించిన వానికి దానిని గూడ నీయవలెను. లేనిచో రక్తము కుదిరినను నరములు చెడును. చిన్నప్రేగునందు పెరుగు సూక్ష్మజీవులను గూడ తొలగింపవలెను.

ఇతర కృషి

సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నున్నపుడే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధపండితుడు 1945లో మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిను అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు ప్రకటింపబడెను. టెట్రాసైక్లినులను మందుల కుటుంబమునకు అదియే జ్యేష్ఠ. మన తీరప్రాంతములవారిని బాధించు బోదకాలునకు కారణమైన పురుగుపై పనిచేయు హెట్రజాను 1947లో వెలువడినది కూడ ఆ ప్రయోగశాలలనుండియే.

ఫోలిక్ ఆసిడ్‌ను పోలియుండి దాని పనిని చెఱచు అమినోప్టెరిను అను పదార్థమును కూడ ఆ బృందమే తయారుచేసెను. బోస్టను నగరములోని సిడ్నీ ఫార్బర్ వైద్యుడు దానిని రక్తపు కేన్సరుతో మరణించుచున్న బాలురకిచ్చెను. 16గురిలో 10మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948 జూనులో ఆయన ప్రకటించెను. కేన్సరునకు మందులతో చికిత్స చేయుటకు అది తొలి మెట్లలో నొకటి. ఆ మందు వాడినవారికి నోరును ప్రేగులును పుండగుచుండెను. విటమినును అడ్డగించినచో వేగముగా పుట్టు ప్రేగుపొరకు దెబ్బ తగులుట సహజమే గదా. ఫోలిక్ ఆసిడ్ గ్రహణి రోగియందు చూపిన సత్యమునే ఈ మందు మఱియొక ముఖమునుండి చూపినది.

అస్తమయము

1948వ సంవత్సరము ఆగస్టు నెలలో సుబ్బారావుగారు అమెరికాలోనే నిద్రయందు హృద్రోగముచే పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. ఇల్లు విడిచి వెళ్లినది మొదలు స్వదేశమును మరల చూడలేదు. తన క్రింద పనిచేసినవారి పేర్లను ముందుంచి తాను వెనుక నిలుచుట వారి స్వభావము. అందుచే జీవించియున్నపుడు తగిన కీర్తి వారికి రాలేదు. శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను.

విద్యార్థులారా! నేడు గ్రహణి రోగి వైద్యునివద్దకు పోయినచో వైద్యుడు వ్రాయు చీటిలో ముఖ్యముగా రెండు మందులుండును. ఒకటి ఫోలిక్ ఆసిడ్. రెండవది టెట్రాసైక్లిను. కొన్ని నెలలు వీనిని వాడగా ప్రేగుపొర మరల మొలచి, కుంచెయంచున కత్తెరలు మరల నిలిచి, అన్నము ఒంటబట్టును. మొదటి మందును లోకమునకిచ్చినది సుబ్బారావుగారి బృందము. రెండవదాని కుటుంబమునకు జ్యేష్ఠయగు ఆరియోమైసిను పుట్టినది వారి యధ్యక్షతయందే. ఎనిమిది దినములలో ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్న ఒక తల్లి యింటినుండి, పరీక్షలో రెండుమారులు తప్పిన ఒక బాలుడు, ఇతర తల్లులకు ఈ రెండింటిని కానుకగా నిచ్చిపోయెను. ఆ చీటిపై ఆయన పేరుండదు. దానిని తెలిసికొని జ్ఞాపకముంచుకొనుట మన ధర్మము.